ల్యాప్‌టాప్ ముట్టుకుంటే జిల్లుమంటోందా? ఛార్జర్, బ్యాటరీ భద్రంగా వాడుకునే పద్ధతి

“పిన్ను పట్టింది కదా, ఏ ఛార్జరైతే ఏం?” “రాత్రంతా పెట్టి వదిలేస్తే బ్యాటరీ పోతుందా?” “చెయ్యి ఆనిస్తే జిల్లుమంటోంది, లోపల షార్ట్ అయిందంటారా?” నా రిపేరు బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళూ, ఊరి నుంచి ఫోన్ చేసే చుట్టాలూ, లిఫ్టులో కనబడ్డ పెద్దాయనా అందరూ అడిగేవి ఇవే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి, ఇదిగో, ఒకచోట రాసి పెడుతున్నాను.

బ్యాటరీ పోయిందని తెచ్చే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి జబ్బు బ్యాటరీలో ఉండదు. గోడ మీది ప్లగ్ పాయింట్లో ఉంటుంది, లేదంటే వైరు చివరి జానెడులో ఉంటుంది. అందుకే గోడ దగ్గర మొదలుపెట్టి ల్యాప్‌టాప్ దాకా వద్దాం. మధ్యలో దూకేయకండి.

థియరీ ఒక్క ముక్కే. మనం ఛార్జర్ అనే పెట్టె నిజానికి అడాప్టర్. గోడలోంచి వచ్చే 230 వోల్టుల ఏసీని 19, 20 వోల్టుల డీసీగా మార్చి పంపడమే దాని పని. బ్యాటరీలోకి ఎంత ఎక్కించాలి, ఎప్పుడు ఆపాలి అని చూసుకునే సర్క్యూట్ ల్యాప్‌టాప్ లోపలే ఉంటుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఫోన్ కెమెరా. అడాప్టర్ మీది చీమతలకాయంత అక్షరాలు ఫొటో తీసి పెద్దవి చేసుకుంటే తప్ప కనబడవు.
- టార్చి, పొడి నూలు గుడ్డ.
- ఎలక్ట్రీషియన్ జేబులో ఉండే టెస్టర్.
- వీలైతే మల్టీమీటర్. ఖరీదైనది అక్కర్లేదు.
- ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ (వస్తువుల ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్‌ది).
- ఒక అరగంట తీరిక. కరెంటు పనిలో తొందర పనికిరాదు.

1. ముందు గోడ పాయింటు చూడండి

మన త్రీ పిన్ పాయింటుకి ఎదురుగా నిలబడితే పైన ఉన్న పెద్ద రంధ్రం ఎర్త్ (నేలలోకి పోయే వైరు), కుడిచేతి వైపుది ఫేజ్ (కరెంటు వచ్చే వైరు), ఎడమచేతి వైపుది న్యూట్రల్ (తిరిగి వెళ్ళే వైరు). స్విచ్ వేసి టెస్టర్ పెడితే కుడివైపు మాత్రమే వెలగాలి. స్విచ్ ఆపితే ఎక్కడా వెలగకూడదు. ఆపినా వెలుగుతోందంటే స్విచ్‌ని ఫేజ్ మీద కాక న్యూట్రల్ మీద వేశారన్నమాట. అది ఎలక్ట్రీషియన్‌ని పిలవాల్సిన పని. లోపల షట్టర్ ఉన్న పాయింట్లలో టెస్టర్ దూరకపోతే బలవంతంగా గుచ్చకండి.

ఇక జిల్లుమనే సంగతి. పక్కింటి పిన్నిగారు ఒకరోజు ల్యాప్‌టాప్‌ని పళ్ళెంలో పెట్టుకుని తెచ్చారు. “బాబూ, చేత్తో పట్టుకోవాలంటే భయంగా ఉంది, కరెంటు పాస్ అవుతోంది. టెస్టర్ పెడితే వెలిగింది కూడా.” వెలుగుతుంది మరి. అడాప్టర్ లోపల మెయిన్స్ వైపుకీ డీసీ వైపుకీ మధ్య ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. దాని గుండా కారే కాస్తంత కరెంటు ఎర్త్‌లోకి పోవాలి. ఎర్త్ లేకపోతే అది ల్యాప్‌టాప్ ఇనప బాడీ మీదే నిలిచి, మీరు వేలు రాస్తే మీ ద్వారా పోతుంది. మిల్లీ ఆంపియర్‌లో కొంత భాగమే కాబట్టి ప్రాణానికి ముప్పు ఉండదు. కానీ మీ పాయింటుకి ఎర్త్ లేదని అది చెబుతోంది. అదే పాయింటులో రేపు గ్రైండరు పెడితే, దాని బాడీకి నిజంగానే ఫేజ్ తగిలితే, అప్పుడు కాపాడేది ఆ ఎర్తే.

పిన్నిగారి ఇంట్లో చూస్తే, త్రీ పిన్ ప్లగ్గుని టూ పిన్‌గా మార్చే పది రూపాయల కన్వర్టర్ ఒకటి మధ్యలో ఉంది. తీసేసి నేరుగా గోడకి పెట్టగానే జిల్లు ఆగింది.

మీ ఇంట్లో కన్వర్టర్ లేకపోయినా జిల్లుమంటే, ఎర్త్ ఉందో లేదో తేలాలి. టెస్టర్‌తో అది తేలదు. మల్టీమీటర్‌ని ఏసీ 600 లేదా 750 వోల్టుల రేంజ్‌లో పెట్టి ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య చూడండి, 230 దరిదాపుల్లో ఉంటుంది. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు.

హెచ్చరిక: మీటర్ ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండగా మెయిన్స్‌లో పెట్టారో, అది నేరుగా షార్టే. పెట్టే ముందు రెండుసార్లు చూసుకోండి. చెయ్యి వణుకుతుంటే ఈ పరీక్ష మానేసి తెలిసినవాళ్ళని పిలవండి, తప్పేమీ లేదు.

సొంత ఇళ్ళలో ఎర్త్ గుంత ఎండాకాలంలో ఎండిపోతుంది. ఉప్పూ బొగ్గూ వేసి తీసిన ఆ గుంతలో ఏప్రిల్, మే నెలల్లో అప్పుడప్పుడు రెండు బిందెల నీళ్ళు పోయమని పాతకాలపు ఎలక్ట్రీషియన్లు చెప్పేది అందుకే.

ఒక మినహాయింపు. కొన్ని ల్యాప్‌టాప్‌లకు కంపెనీయే టూ పిన్ అడాప్టర్ ఇస్తుంది. వాటిలో ఎర్త్ దారే ఉండదు కాబట్టి, అన్నీ బాగున్నా కొద్దిగా జిల్లుమంటాయి. టూ పిన్ ప్లగ్గుని తిప్పి పెట్టి చూడండి, ఒక్కోసారి తగ్గుతుంది. దాన్ని త్రీ పిన్ పాయింటులో పెట్టడానికి ఎర్త్ రంధ్రంలో పెన్ను రీఫిల్ గుచ్చే అలవాటు మాత్రం మానుకోండి. అలా పెట్టిన ప్లగ్గు వదులుగా వేలాడి చిటచిటలాడుతుంది.

2. అడాప్టర్ తిప్పి లేబుల్ చదవండి

పైన ఇన్‌పుట్ అని ఉంటుంది. 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని రాసి ఉంటే మన 230కీ సరిపోతుంది, అమెరికా 120కీ సరిపోతుంది.

అసలు చదవాల్సింది దాని కింది అవుట్‌పుట్ లైను. ఉదాహరణకి 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు. రెండూ గుణిస్తే 65 వాట్లు. 20 వోల్టులు, 2.25 ఆంపియర్లయితే 45 వాట్లు. 19.5ని 4.62తో గుణిస్తే 90. గేమింగ్ ల్యాప్‌టాప్‌లకు 20 వోల్టులు, 11.5 ఆంపియర్లు, అంటే 230 వాట్ల ఇటుకలు కూడా ఉంటాయి. ఇప్పుడు ల్యాప్‌టాప్ అడుగున ఉన్న లేబుల్ చూసి పోల్చండి.

- వోల్టులు సమానంగా ఉండాలి. 19కీ 19.5కీ మధ్య అర వోల్టు తేడాని ల్యాప్‌టాప్‌లు సాధారణంగా తట్టుకుంటాయి. ఒకపూట గడుపుకోవడానికి పరవాలేదు, రోజూ వాడకానికి వద్దు.
- ఆంపియర్లు సమానంగానో ఎక్కువగానో ఉండాలి. ఎక్కువుంటే కాలిపోతుందని భయపడతారు. కాలిపోదు. ల్యాప్‌టాప్ తనకు కావాల్సినంతే తీసుకుంటుంది. తక్కువుంటేనే గొడవ, అడాప్టర్ కాగుతుంది, ఛార్జింగ్ నత్తనడక నడుస్తుంది.
- ప్లస్, మైనస్ ఎటు ఉన్నాయో చూపే బొమ్మ రెండింటి మీదా ఒకటే కావాలి. చాలావాటిలో మధ్యలో ప్లస్, బయట మైనస్.
- పిన్ను వదులు లేకుండా పట్టాలి. ఇది ఆఖర్న చూడాల్సింది. జనం మొదట ఇదే చూస్తారు, చాలామంది ఇదొక్కటే చూస్తారు.

పిన్ను పట్టడం ఎంత మోసమో మా ఇంట్లోనే తెలిసింది. కరెంటు పోయి వచ్చాక మా బావమరిది చీకట్లో వైర్లన్నీ తడుముకుంటూ పెట్టాడు. ల్యాప్‌టాప్ 19 వోల్టుల పిన్ను వెళ్ళి 12 వోల్టుల వైఫై రూటర్‌లో కూర్చుంది. కాస్త వదులుగానే ఉన్నా దిగిపోయింది. టప్ మని ఒక్క శబ్దం, వెనకే మాడు వాసన. ఆ రోజు నుంచి మా ఇంట్లో ప్రతి అడాప్టర్‌కీ తెల్ల టేపు చుట్టి ఇది దేనిది, ఎన్ని వోల్టులు అని మార్కర్‌తో రాసి ఉంటుంది. మీరూ ఈ పని ఇవాళే చేయండి. మానిటర్, రూటర్, సెట్‌టాప్ బాక్స్ అన్నిటి పిన్నులూ అన్నదమ్ముల్లాగే ఉంటాయి.

డెల్, హెచ్‌పీ గుండ్రటి పిన్నుల నడుమ సన్నటి సూది ఉంటుంది. అడాప్టర్ ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కి చెప్పేది ఆ సూదే. అది వంగినా, విరిగినా, వేరే కంపెనీ పిన్ను పెట్టినా ల్యాప్‌టాప్ నడుస్తుంది కానీ బ్యాటరీ ఎక్కదు. “బ్యాటరీ చచ్చిపోయింది, కొత్తది వేయండి” అని తెచ్చే కేసుల్లో ఇదొకటి. కొత్త బ్యాటరీ కొనే ముందు టార్చి వేసి ఆ సూది చూడండి.

టైప్-సి ఛార్జర్ అయితే లెక్క వేరు. పవర్ డెలివరీ పద్ధతిలో అడాప్టరూ ల్యాప్‌టాపూ మాట్లాడుకుని 5, 9, 15, 20 వోల్టుల్లో ఏది కావాలో తేల్చుకుంటాయి కాబట్టి వోల్టేజీ తప్పుతుందన్న భయం తక్కువ. చూడాల్సింది వాట్లు, ఆపైన కేబుల్. మామూలు టైప్-సి కేబుల్ 3 ఆంపియర్లదే, అంటే 60 వాట్ల దాకా. 100 వాట్లు కావాలంటే 5 ఆంపియర్లదని రాసి ఉన్న కేబుల్ కొనాలి. డబ్బా మీద 80 వాట్లు అని పెద్దగా ఉన్న ఫోన్ ఛార్జర్ ల్యాప్‌టాప్‌కి పెడితే చాలావరకు అంత ఇవ్వదు, ఆ వేగం దాని సొంత ఫోన్‌కే. ప్రమాదం లేదు, ప్రయోజనమూ లేదు.

3. కొత్త అడాప్టర్ కొనాల్సి వస్తే

మన దేశంలో అమ్మే ల్యాప్‌టాప్ అడాప్టర్‌కి బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లేబుల్ మీద బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటాయి. ఆ నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టండి. వచ్చిన తయారీదారు పేరూ లేబుల్ మీది పేరూ కలవాలి, వస్తువు కూడా అడాప్టరే అయి ఉండాలి. నంబరు దొరకడం ఒక్కటే చూసి తృప్తిపడకండి, వేరేవాళ్ళ నంబరు ముద్రించుకునే ఘనులున్నారు.

బరువు బట్టి అసలూ నకిలీ చెప్పొచ్చని షాపుల్లో అంటుంటారు. అనుమానానికి పనికొస్తుంది గానీ తీర్పుకి పనికిరాదు. చేతిలో మరీ దూదిలా ఉంటే మాత్రం నేను కొనను.

ఇంటికి తెచ్చాక ల్యాప్‌టాప్‌కి పెట్టకముందే మల్టీమీటర్‌తో చూడండి. డీసీ రేంజ్, ఎర్ర ముల్లు పిన్ను లోపల, నల్లది బయటి లోహానికి. లేబుల్ మీద ఉన్న దానికి అర వోల్టు అటూ ఇటూ ఉంటే సరే. చవక మీటర్లలో 20 వోల్టుల రేంజ్ 19.99 దగ్గరే ఆగిపోతుంది. 20 వోల్టుల అడాప్టర్‌ని అందులో కొలిస్తే ఎడమ పక్కన ఒంటరిగా ఒకటి అంకె కనబడుతుంది. పాడైందనుకుని తిరిగి ఇచ్చేసినవాళ్ళున్నారు. 200 రేంజ్‌కి మార్చండి. ముల్లు జారి లోపలా బయటా రెండూ తగిలితే అడాప్టర్ తనంతట తను ఆగిపోతుంది. స్విచ్ ఆపి ఒక నిమిషం ఆగి మళ్ళీ వేయండి. టైప్-సి పిన్నుని ఇలా కొలవకండి, అవతల మాట్లాడేందుకు ల్యాప్‌టాప్ లేకపోతే అది వోల్టేజీ ఇవ్వదు.

4. పెట్టే వరస, తీసే వరస

మన పాయింట్లకి స్విచ్ ఉంటుంది. దాన్ని వాడుకోండి.

పెట్టేటప్పుడు: స్విచ్ ఆపి ఉంచండి. మారేడు దళంలా మూడు కన్నాలున్న వైరు చివరని అడాప్టర్‌లోకి ఆఖరిదాకా నొక్కండి. పిన్ను ల్యాప్‌టాప్‌లో పెట్టండి. ప్లగ్గు గోడలో పెట్టండి. అప్పుడు స్విచ్ వేయండి. తీసేటప్పుడు మొదట స్విచ్ ఆపండి, తల పట్టుకుని లాగండి. వైరు పట్టుకుని కాదు.

స్విచ్ వేసి ఉండగా ప్లగ్గు గుచ్చితే టిక్ మని నిప్పురవ్వ వస్తుంది. అడాప్టర్ లోపలి కెపాసిటర్ ఒక్క దమ్మున నిండటం వల్ల వచ్చేది అది. ఒకసారి వస్తే ఏం కాదు. రోజూ వస్తే ప్లగ్గు కాళ్ళూ పాయింటు లోపలి రేకులూ నల్లబడతాయి, పట్టు వదులవుతుంది, వదులైనకొద్దీ కాగుతుంది.

ఇప్పుడే ఒక పరీక్ష చేయండి. స్విచ్ ఆపి, ఆ మూడు కన్నాల చివరని అడాప్టర్‌లోంచి బయటికి లాగి టార్చి వేసి చూడండి. గోధుమరంగు మచ్చ, కరిగిన ప్లాస్టిక్ కనబడితే ఆ వైరు చెత్తబుట్టకే. అడాప్టర్ వైపు కూడా మచ్చ ఉంటే అడాప్టరూ మార్చాలి.

ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడితే ల్యాప్‌టాప్‌కి తోడు ఇస్త్రీ పెట్టె, ఇండక్షన్ స్టవ్ దాని మీద వద్దు. బోర్డుకి బోర్డు తగిలించి గొలుసు కట్టొద్దు. ఉరుములు మొదలైతే స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గు గోడలోంచి పీకేయండి.

ఇంకో ముప్పు గురించి తక్కువమందికి తెలుసు. వీధిలో న్యూట్రల్ వైరు తెగితే ఇంట్లోకి 230 బదులు 400 దగ్గరి దాకా రావచ్చు. బల్బులు ఉన్నట్టుండి తెల్లగా మండిపోతూ, ఫ్యాన్లు గిర్రున తిరుగుతుంటే ఆలోచించకుండా మెయిన్ ఆపండి. స్పైక్ గార్డ్ ఉందిలే అనుకోకండి, అది క్షణకాలపు ఉప్పెనకే తప్ప నిలిచి ఉండే హై ఓల్టేజీకి కాదు.

5. వైరుని వేళ్ళతో తడమండి

స్విచ్ ఆపి, అడాప్టర్ నుంచి పిన్ను దాకా వైరుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మెల్లగా జారుస్తూ రండి. ఉబ్బు, మెత్తదనం, చీలిక, ఎలుక కొరికిన గంటు ఏదైనా చేతికి తెలుస్తుంది. పిన్ను పక్కన జానెడు దగ్గర ఎక్కువ జాగ్రత్తగా చూడండి. తర్వాత స్విచ్ వేసి, ఆ చివరని కొద్దిగా అటూ ఇటూ వంచండి. ఛార్జింగ్ గుర్తు వచ్చి పోతుంటే లోపల తీగలు తెగుతున్నాయి.

టేపు చుట్టి సరిపెట్టొచ్చా అంటారు. వద్దు. ఈ సన్న వైరులో రెండు తీగలు పక్కపక్కన ఉండవు. చాలావాటిలో మధ్యలో ప్లస్ తీగ, దాని చుట్టూ జల్లెడలా అల్లిన మైనస్ ఉంటుంది. పైతొక్క పోయి లోపలి తొక్క కూడా నలిగితే రెండూ కలుస్తాయి. టేపు పైకి కనబడే గాయాన్నే కప్పుతుంది.

వైరు చుట్టేటప్పుడు అడాప్టర్ ఇటుకకి బిగించి కట్టకండి. అడాప్టర్‌లోంచి వైరు బయటికొచ్చే మెడ దగ్గర ఒక వదులు ఉంగరం వదిలి, అరచెయ్యంత చుట్టలు చుట్టండి.

6. వేడి చేత్తో చూడండి

ల్యాప్‌టాప్ మీద ఒక గంట పని చేశాక అడాప్టర్‌ని ముట్టుకోండి. 65 వాట్లు ఇచ్చే అడాప్టర్ నిండు లోడులో 7, 8 వాట్ల దాకా వేడిగా పోగొట్టుకుంటుంది. మూసిన ప్లాస్టిక్ పెట్టె కాబట్టి గోరువెచ్చగా, కొంచెం ఎక్కువగానే ఉంటుంది. అది మామూలే. పది అంకెలు లెక్కపెట్టేదాకా అరచెయ్యి ఆనించి ఉంచగలిగితే సరే. మూడు లెక్కపెట్టేసరికి చెయ్యి తీసేయాల్సి వస్తే ఆపండి. కాలిన వాసన, చిటచిట, కీచుమనే శబ్దం వస్తే ఇక లెక్కలు పెట్టకుండా స్విచ్ ఆపేయండి. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు కొన్ని అడాప్టర్లు జుమ్మంటాయి. కరెంటు వచ్చాక ఆగిపోతే దోషం ఇన్వర్టర్‌ది.

అడాప్టర్ నేల మీదో బల్ల మీదో గాలి తగిలేలా ఉండాలి. దిండు కింద, బొంత మీద, సోఫా సందులో కాదు. ల్యాప్‌టాప్ కూడా అంతే. పరుపు మీద పెడితే అడుగున గాలి పోయే చీలికలు మూసుకుపోతాయి. మంచం మీద కూర్చునే పని చేస్తానంటే అడుగున ఒక చెక్క పలక పెట్టండి, రొట్టెలు ఒత్తుకునే పీటైనా చాలు.

ఎండాకాలం సంగతి. లిథియం అయాన్ బ్యాటరీని ఛార్జ్ చేసుకోవడానికి పై హద్దు సుమారు 45 డిగ్రీలు. రెంటచింతల, రామగుండం వైపు మే నెలలో బయటి గాలే అంత ఉంటుంది. ఏసీ లేని గదిలో మిట్టమధ్యాహ్నం ఛార్జింగ్ దానంతట అది ఆగిపోతే పాడైందనుకోకండి, బ్యాటరీ తనను తాను కాపాడుకుంటోంది. పొద్దున్నే ఛార్జ్ చేసుకోండి. ఎండలో నిలిపిన కారులో ల్యాప్‌టాప్ వదలకండి.

7. రాత్రంతా ఉంచే విషయం, 80 శాతం హద్దు

నిండగానే ఛార్జింగ్ ఆగిపోతుంది, పొంగిపోవడానికి అది పాల గిన్నె కాదు. మరి నష్టం ఎక్కడంటే, నిండుగా 100 దగ్గర, అదీ వేడిలో, నెలల తరబడి కూర్చోవడంలో. బ్యాటరీ లోపలి ఒక్కో సెల్లు 4.2 వోల్టుల పైహద్దు దగ్గర ఎంతకాలం ఉంటే అంత త్వరగా ముసలిదవుతుంది.

ఇంటి నుంచి పని చేస్తూ పగలంతా ప్లగ్గులోనే ఉంచేవాళ్ళు 80 దగ్గర ఆగేలా పెట్టుకోండి. లెనోవో వాంటేజ్‌లో కన్జర్వేషన్ మోడ్, మై ఆసుస్‌లో బ్యాటరీ కేర్ అని ఉంటుంది. డెల్‌లో ఎక్కువగా ప్లగ్గు మీద వాడేవాళ్ళ కోసం ఒక ఎంపిక బయోస్ (విండోస్ కంటే ముందు తెరుచుకునే) సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. మ్యాక్‌బుక్‌లో ఆప్టిమైజ్డ్ బ్యాటరీ ఛార్జింగ్. ప్రయాణం ముందురోజు మాత్రం దీన్ని తీసేసి 100 చేసుకోండి. నేనే ఒకసారి మరిచిపోయి రైలెక్కాను.

మీ ల్యాప్‌టాప్‌లో ఆ సౌకర్యం లేకపోతే కంగారేమీ లేదు. గడియారం చూస్తూ 80కి పీకడం, 20కి పెట్టడం అంటూ దానికి ఊడిగం చేయకండి. రాత్రి పడుకునే ముందు స్విచ్ ఆపితే చాలు. నేను ఆపమనేది బ్యాటరీ కోసం కాదు, అందరూ నిద్రపోయే వేళ కాగే వస్తువు ఒకటి తగ్గుతుందని.

నెలల తరబడి వాడకుండా దాచిపెట్టాలంటే సగం ఛార్జ్‌తో, చల్లటి చోట. సున్నాతో బీరువాలో పెట్టి ఆరు నెలల తర్వాత తీస్తే లేవకపోవచ్చు.

8. బ్యాటరీ నిజంగా ఎంత మిగిలింది?

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. ఇంగ్లిషులో పవర్ అనే మాట, దానికి అంటుకునే సీ, ఎఫ్, జీ అక్షరాలు, ఆ తర్వాత ఒక ఖాళీ, ముందుకు వాలే స్లాష్, స్లాష్‌ని ఆనుకుని బ్యాటరీ రిపోర్ట్ అన్న రెండు మాటలూ ఖాళీ లేకుండా, ఇలా టైపు చేయండి. ఎంటర్ కొట్టండి. వెనక్కి వాలే స్లాష్ కొడితే పని చేయదు. రిపోర్టు ఎక్కడ దాచిందో కిందనే చూపిస్తుంది, దాన్ని బ్రౌజర్‌లో తెరవండి.

అందులో రెండు అంకెలు చూడండి. డిజైన్ కెపాసిటీ అంటే పుట్టినప్పటి బలం. ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అంటే ఇవాళ్టి బలం. 41,040 దగ్గర పుట్టింది ఇప్పుడు 29,500 ఉంటే 72 శాతం. నా లెక్కలో 80 పైన ఉంటే దాని జోలికి పోవద్దు. 60 నుంచి 80 ఉంటే వాడుకోండి. 50 కిందికి వస్తే కొత్తదానికి డబ్బు పక్కన పెట్టుకోండి.

మ్యాక్‌లో ఆప్షన్ కీ నొక్కి ఆపిల్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే పవర్ అనే చోట సైకిల్ కౌంట్ ఉంటుంది. ఇవాళ సగం, రేపు సగం వాడితే కలిపి ఒక సైకిల్. ఈ మధ్యకాలపు మ్యాక్‌బుక్‌లకు ఆపిల్ చెప్పే హద్దు 1000.

30 శాతం ఉందని చూపిస్తూ ఠక్కున ఆగిపోతోందా? 80 హద్దు తీసేసి నిండా ఎక్కించండి. మామూలుగా వాడి 5, 6 శాతం దాకా దింపండి. మళ్ళీ ఆపకుండా నింపండి. అంచనా తప్పిన బ్యాటరీ మీటర్ చాలాసార్లు దారికొస్తుంది. రాకపోతే లోపల ఏదో ఒక సెల్లు బలహీనపడింది.

అసలు ఛార్జే ఎక్కకపోతే, షాపుకి వెళ్ళే ముందు: ఆపేసి, పిన్ను తీసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకుని, మళ్ళీ పెట్టి చూడండి. టైప్-సి రంధ్రంలో నూగు పేరుకుంటే ల్యాప్‌టాప్ ఆపి చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయండి. పిన్నీసుతో కాదు.

9. ఉబ్బిందేమో చూడండి

ఇది నెలకోసారి చేయండి. నున్నటి గచ్చు మీద ల్యాప్‌టాప్ మూసి పెట్టి నాలుగు మూలలూ ఒక్కొక్కటిగా నొక్కండి. ముందు ఊగనిది ఇప్పుడు ఊగుతోందా? టచ్‌ప్యాడ్ క్లిక్ బిగుసుకుపోయిందా, పైకి లేచిందా? మూత మూసినా ముందంచున సందు కనబడుతోందా? కీబోర్డు నడుమ గుట్టలా ఉందా? ఏ ఒక్కటి ఉన్నా బ్యాటరీలో గ్యాసు పుట్టి ఉబ్బినట్టే అనుకోండి.

ఒకాయన టచ్‌ప్యాడ్ లేస్తోందని దాని మీద సెల్లోటేపు అడ్డంగా నాలుగు పట్టీలు వేసి, రాత్రిళ్ళు మూతపెట్టి పైన లావుపాటి పుస్తకాలు బరువు పెట్టి మూడు వారాలు వాడాడు. అడుగు మూత విప్పితే బ్యాటరీ సెల్లులు పూరీల్లా పొంగి ఉన్నాయి. ఒకదాని అంచు అప్పటికే టచ్‌ప్యాడ్ రేకుకి ఒరుసుకుంటోంది. తొక్క చిరిగితే లోపలి పొరలు షార్టయి మంటే. ఇంకో రోజో వారమో తప్పించుకునేవాడేమో, చెప్పలేను.

ఉబ్బితే చేయాల్సింది: స్విచ్ ఆపండి, పిన్ను తీయండి, ల్యాప్‌టాప్ ఆపేయండి. ఫైళ్ళు కాపీ చేసుకుందామని మళ్ళీ ఛార్జ్ పెట్టకండి, డిస్క్‌లోని ఫైళ్ళు ఎక్కడికీ పోవు. కర్టెన్లు, పరుపులు లేనిచోట గచ్చు మీద పెట్టండి. నొక్కొద్దు, సూదితో గుచ్చి గ్యాసు తీయొద్దు, మూత తిరిగి బిగించడానికి బలం పెట్టొద్దు. వేడి లేకుండా, వాసన లేకుండా ఉంటే అలాగే సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళి, లోపలికి ఇచ్చే ముందే “బ్యాటరీ ఉబ్బింది” అని చెప్పండి.

పొగ, బుసకొట్టే శబ్దం, తియ్యటి ఘాటు వాసన వస్తే చేతికందే దూరంలో ఉంటేనే గోడ స్విచ్ ఆపండి. అందరినీ బయటికి పంపి తలుపు మూసి 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. ఆ పొగ పీల్చకూడదు. మంట చిన్నదై, ప్లగ్గు ఊడిపోయి ఉంటే దూరం నుంచి ధారాళంగా నీళ్ళు పోయొచ్చు, బ్యాటరీని చల్లార్చేది నీళ్ళే. ఆరిందనుకున్నది మళ్ళీ అంటుకోవచ్చు, కాబట్టి వెంటనే చేత్తో ఎత్తకండి.

పేరున్న కంపెనీదే కదా అని చూడటం మానకండి. 2006లో సోనీ సెల్లుల వల్ల డెల్ దాదాపు 41 లక్షల బ్యాటరీలను వెనక్కి పిలిచింది. 2019లో ఆపిల్ కూడా 2015-17 మధ్య అమ్మిన కొన్ని 15 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోల బ్యాటరీలను వెనక్కి పిలిచి ఊరికే మార్చి ఇచ్చింది. కంపెనీ సైటులో సీరియల్ నంబరు కొట్టి చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది.

10. బ్యాటరీ మార్చేటప్పుడు

ల్యాప్‌టాప్ మోడల్ పేరు చెప్పి బ్యాటరీ కొనకండి. ఒకే మోడల్‌లో రెండు మూడు రకాలు వస్తాయి. పాత బ్యాటరీ మీది పార్ట్ నంబరు ఫొటో తీసి, అదే తెప్పించుకోండి. వోల్టులు కలవాలి, 11.1కి బదులు 14.8 కుదరదు. తయారీ తేదీ చూడండి, షాపు అరలో మూడేళ్ళు ఉన్న బ్యాటరీ కొత్తది కాదు. పాత డబ్బాలోనే కొత్త సెల్లులు వేసిస్తామంటే మర్యాదగా వద్దని చెప్పండి.

మీరే విప్పగలిగినవాళ్ళయితే ముందు ఛార్జ్‌ని 25 శాతం కిందికి దింపండి. మూత తీయగానే మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి, ఆ తర్వాతే మిగతా పని. జిగురుతో అంటించి ఉంటే స్క్రూడ్రైవర్‌తో పెకలించకండి. ఉబ్బినదాన్ని ఇంట్లో విప్పనే వద్దు.

పాతది పాత సామాన్లవాడికి వేయకండి. దాని మీద కొట్టేసిన చెత్తబుట్ట బొమ్మ ఉంటుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం తిరిగి సేకరించే బాధ్యత అమ్మిన కంపెనీది. కనెక్టర్ కొనల మీద టేపు అంటించి సర్వీస్ సెంటర్‌లో ఇవ్వండి.

అమెరికా నుంచి తెచ్చినవి, అమెరికాకి పట్టుకెళ్ళేవి

అక్కడి నుంచి పిల్లలు తెచ్చిన ల్యాప్‌టాప్‌కి అడాప్టర్ మార్చక్కర్లేదు, లేబుల్ మీద 100-240 ఉంటే చాలు. మార్చాల్సింది వైరు ఒక్కటే. అమెరికా వైరు ప్లగ్గు మీద 125 వోల్టులు అని అచ్చు వేసి ఉంటుంది, మనది 230. పైగా దాన్ని మన గోడకి పెట్టడానికి వాడే ట్రావెల్ కన్వర్టర్లలో చాలావాటికి ఎర్త్ ఉండదు, మళ్ళీ పిన్నిగారి జిల్లు కథే. మారేడు దళం మూతి ఉన్న మన త్రీ పిన్ వైరు ఏ కంప్యూటర్ షాపులోనైనా దొరుకుతుంది. అది కొని, పాత అడాప్టర్‌కే తగిలించండి. చదువుకి వెళ్ళేవాళ్ళు అక్కడ దిగాక అక్కడి వైరు కొనుక్కోవాలి, అంతే.

విమానంలో విడి బ్యాటరీలు చెక్-ఇన్ సూట్‌కేసులో వేయకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. బ్యాటరీ మీద వాట్ అవర్లు చూడండి. 100 దాకా అడిగేవాళ్ళుండరు. 100 నుంచి 160 మధ్య ఉంటే ముందే విమానయాన సంస్థ అనుమతి తీసుకోవాలి, విడి బ్యాటరీలు రెండుకి మించకూడదు. లేబుల్ మీద వాట్ అవర్లు లేకపోతే వోల్టులనీ ఆంపియర్ అవర్లనీ గుణించండి. 11.4 వోల్టులు, 3.6 ఆంపియర్ అవర్లయితే 41. ఆ లేబుల్ చెరిగిపోయి ఉంటే సెక్యూరిటీ దగ్గర వాదించడం కష్టం, బయల్దేరే ముందే చూసుకోండి.